కోఠిలో పాత రీలు కెమెరాల సర్వీసింగ్: పని బంగారం, టైము సంగతి మాత్రం అడక్కండి

ముందే తీర్పు చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మీ దగ్గర పూర్తిగా మెకానికల్ కెమెరా, అంటే బ్యాటరీ లేకపోయినా షట్టర్ కొట్టే రకం ఉండి, అది మొరాయిస్తుంటే కోఠిలో ఈ చాచా దగ్గరికి తీసుకెళ్లండి. తొందరుంటే మాత్రం వెళ్లకండి. వచ్చే వారం చెల్లి పెళ్లి, ఫిలిమ్ మీద తీయాలి అనుకుంటూ వెళ్తే మీకూ బీపీ, ఆయనకూ బీపీ.

షాపు పేరు రాయడం లేదు. రాస్తానంటే ఆయనే వద్దన్నారు. "పేరు పెట్టకు సార్, ఉన్న పనే ఒడుస్తలేదు" అన్నారు. అది గొప్పకి అన్న మాట కాదు, బల్ల పక్కన అరల్లో చీటీలు కట్టి పెట్టిన కెమెరాలు చూస్తే మీకే అర్థమవుతుంది. కోఠిలో కెమెరాలు అమ్మే షాపుల్లో ఎవరినైనా "రీలు కెమెరాలు బాగుచేసే చాచా ఎక్కడ" అని అడగండి, చూపిస్తారు. మొదటి అంతస్తు, ఇరుకు మెట్లు, ఒకటే గది. బోర్డు లేదు, కుర్చీ ఒకటుంది కానీ దాని మీద ఎప్పుడూ ఏదో ఒక కార్టన్ ఉంటుంది.

డిజిటల్ కెమెరాలు తీసుకోరు. ఆటోఫోకస్ రీలు కెమెరాలూ అంతే, ముఖం మీదే వద్దంటారు. నేనున్నప్పుడు ఒక కుర్రాడు కెనాన్ ఏఈ-1 తెచ్చాడు. అది 1976 నాటిదే అయినా దాని షట్టర్ నడవడానికి బ్యాటరీ కావాలి. క్లిక్ చేస్తే కీచుమంటోంది, ఆ మోడల్‌కి బాగా తెలిసిన జబ్బే, అద్దాన్ని నడిపే గేర్ల దగ్గర నూనె ఆరిపోతే వచ్చే శబ్దం. "కీచు పోగొడతా, లోపల సర్క్యూట్ పోతే మాత్రం నన్ను అడగొద్దు" అని ముందే చెప్పి తీసుకున్నారు. అలా చెప్పి తీసుకోవడం నాకు నచ్చింది.

ఇక అసలు విషయం. సీఎల్ఏ అని ఇంటర్నెట్‌లో అందరూ రాసేది మూడు పనుల గురించి: విప్పి శుభ్రం చేయడం, అవసరమైన చోట నూనె పెట్టడం, స్పీడులు, అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉండాలన్న లెక్కలు, సరిచేయడం. మన దగ్గర చాలాచోట్ల ఈ మూడూ కలిసి ఒక్క పనైపోయాయి. పైన బట్టతో తుడుస్తారు, సందుల్లో ఓ నూనె చుక్క వేస్తారు, నాలుగుసార్లు టకటకలాడించి "అయిపోయింది సార్" అని చేతిలో పెడతారు. ఆ రోజు బాగానే పనిచేస్తుంది కూడా, అందుకే మనం డబ్బులిచ్చి నవ్వుతూ ఇంటికొస్తాం. తర్వాత ఒక ఎండాకాలం గడిచాక తెలుస్తుంది ఏం జరిగిందో.

మా యాషికా మ్యాట్ 124జీకి జరిగింది అదే. అది మా పెదనాన్నది, వరంగల్‌లో స్టూడియో నడిపినన్నాళ్లూ దాంతోనే పెళ్లిళ్లు తీశాడు. 1970లో వచ్చిన మోడల్, 1986 దాకా తయారుచేశారు. పైన చూసుకోవడానికి ఒక లెన్సు, కింద ఫొటో తీయడానికి ఒక లెన్సు, 120 రీలు మీద చదరంగా పన్నెండు ఫొటోలు. కొన్నాళ్ల కింద షట్టర్ బద్ధకిస్తోందని సిటీలోనే ఒక చోట ఇచ్చాం. ఎక్కడో చెప్పను, వాళ్లతో నాకు గొడవ వద్దు. హుషారుగా తిరిగొచ్చింది. ఆ మరుసటి ఎండాకాలం అయ్యేసరికి క్లిక్ చేస్తే షట్టర్ రేకులు సగం తెరుచుకుని అలాగే నిలబడిపోవడం మొదలైంది, స్పీడు ఒక సెకను పెట్టినా అయిదొందలో వంతు పెట్టినా ఒకటే వరస.

చాచా దాన్ని తీసుకుని వెనక తలుపు తెరిచి, కంటికి భూతద్దం బిగించుకుని, కిటికీ వైపు తిప్పి రేకుల మీద వెలుగు ఏటవాలుగా పడేట్టు పట్టుకున్నారు. నన్ను కూడా చూడమన్నారు. మామూలుగా బూడిదరంగులో మసకగా ఉండాల్సిన రేకుల మీద ఇంద్రధనుస్సు రంగుల మరకలు, రోడ్డు మీద నీళ్లలో పెట్రోలు పడితే కనిపించే రంగులే. "తేల్ పోసిన్రు. మస్తుగ పోసిన్రు" అన్నారు. "దీనికి నూనె వద్దు సార్. ఉన్నది తీయాలె."

ఈ ముక్క తెలియక చాలామంది కెమెరాలు పాడవుతున్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. యాషికా మ్యాట్, రోలీఫ్లెక్స్, మడత కెమెరాలు, వీటిలో షట్టర్ లెన్సు మధ్యలోనే ఉంటుంది. కాగితం కంటే పల్చటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి జారుతూ తెరుచుకుని మూసుకుంటాయి. సెకనులో అయిదొందలో వంతులో ఈ మొత్తం పని అయిపోవాలి. దాన్ని నడిపేది బలమైన స్ప్రింగేమీ కాదు. రేకుల మధ్యకి నూనె చేరితే రెండు తడి గాజుపలకలు అంటుకున్నట్టే అవీ అంటుకుంటాయి, పైగా దుమ్ము పట్టి జిగురవుతుంది. ఆ రేకులు పొడిగా నడవాలి, అంతే, తయారుచేసినవాళ్లు వాటిని అలాగే చేశారు. నూనె కావాల్సింది లోపల చిన్నచిన్న ఇరుసుల మీద మాత్రమే, అదీ కంటికి ఆనీ ఆననంత. తలుపు బందులకు కొట్టే స్ప్రేని లెన్సు సందులో కొట్టమని వీడియోలు పెట్టేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు. అది ఒక చోట ఉండదు, పాకుతుంది, గాజు మీదికి కూడా వెళ్తుంది.

నన్ను పక్కన నిలబడి చూడనిచ్చారు, అందరికీ ఇస్తారో లేదో. ముందు ఒక తెల్ల కాగితం మీద కెమెరా ముందు భాగం బొమ్మ పెన్సిల్‌తో గీశారు, రెండు వైపులా అంటుకునే టేపు ముక్కలు దాని మీద అతికించారు, ఏ స్క్రూ ఎక్కడ ఊడితే ఆ స్క్రూని బొమ్మలో అదే చోట అంటించేశారు. పొడుగు స్క్రూ, పొట్టి స్క్రూ కలిసిపోయే సమస్యే లేదు. స్క్రూడ్రైవర్లు కూడా మామూలువి కాదు. పాత జపాన్ కెమెరాల స్క్రూల తల చూడ్డానికి మన స్టార్ స్క్రూలాగే ఉంటుంది కానీ గాడి కొలత వేరు, వేరే ప్రమాణం. మామూలు స్టార్ డ్రైవర్ పెడితే జారి తల నలిగిపోతుంది. పాత కెమెరా కొనేటప్పుడు స్క్రూ తలలు చూడండి, నలిగి ఉంటే లోపల ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. మా యాషికాలో రెండు నలిగే ఉన్నాయి.

ముందు లెన్సు ఊడదీశాక చిన్న డ్రాపర్‌తో లైటర్లలో పోసే పెట్రోల్ రేకుల మీద వేయడం, షట్టర్ కొట్టడం, పలచటి కాగితంతో అద్దడం, మళ్లీ వేయడం, మళ్లీ కొట్టడం. కాగితం మీద మొదట గోధుమరంగు చారలు వచ్చాయి, ఆ తర్వాత పసుపు వలయాలు. వలయం రావడం ఆగేదాకా ఆయన ఆపలేదు. మధ్యలో టీ వచ్చింది, టీ చల్లారింది, ఆయన ఆపలేదు. గది కిటికీలు రెండూ తెరిచే ఉన్నాయి, ఆ పెట్రోల్ ఆవిరి మంచిది కాదు కాబట్టి. సిగరెట్ ముట్టించుకుంటూ మెట్లెక్కిన ఒకాయన్ని మెట్ల మీదినుంచే వెనక్కి పంపించారు.

తక్కువ స్పీడుల గేర్లు వేరే కథ. ఒక సెకను, అర సెకను లాంటి స్పీడులకు షట్టర్ తెరుచుకుని ఉన్నంతసేపు మూసుకోకుండా ఆపి ఉంచేది చిన్న పళ్ల చక్రాల వరస, దాని చివర అటూ ఇటూ ఊగే చిన్న ముక్క ఒకటి. గడియారం పని తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. దాన్ని మొత్తంగా బయటికి తీసి పెట్రోల్‌లో నానబెట్టి, బ్రష్‌తో కడిగి, ఆరాక, గడియారాల నూనె సూది మొన మీద ముంచి ఇరుసు చివర్లకి మాత్రం తాకించారు. పళ్ల మీద వేయలేదు. తర్వాత ఒక సెకను పెట్టి కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని కొట్టారు, నాకూ ఇచ్చారు. సన్నగా, ఒకే వేగంతో, మధ్యలో తడబడకుండా జుయ్‌ మనే శబ్దం. అంతకుముందు అది మధ్యలో ఊపిరి తీసుకునేది.

ఇచ్చేటప్పుడు ఒక హెచ్చరిక కూడా చేశారు: సెల్ఫ్ టైమర్ ముట్టొద్దు. పాత షట్టర్లలో టైమర్ మధ్యలో ఆగిపోతే మొత్తం షట్టరే ఇరుక్కుపోతుంది, దానికోసం మళ్లీ అంతా విప్పాలి. సెల్ఫ్ టైమర్‌తో ఫ్యామిలీ ఫొటో తీయాలని మా ఆవిడకు ఎప్పటినుంచో కోరిక, ఆ కోరికకి ఇలా మంగళం పాడేశాం.

రెండోది పెంటాక్స్ కే1000, నా సొంత కెమెరా, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. 1976 నుంచి 1997 దాకా వచ్చిన మోడల్, ఫొటోగ్రఫీ నేర్చుకునే పిల్లలకి ప్రపంచమంతా ఇదే కొనిపించేవారు. ఫ్యాన్సీలేం లేవు, సెల్ఫ్ టైమర్ కూడా లేదు, బ్యాటరీ వెలుగు కొలిచే లైట్ మీటర్‌కి మాత్రమే. దీని జబ్బు వేరు. ఎండలో వెయ్యో వంతు స్పీడు పెట్టి తీసిన ఫొటోల్లో ఒక పక్క నల్లగా వస్తోంది. లెన్సుదేమో అనుకుని వేరే లెన్సు పెట్టినా అంతే.

దీన్ని కనిపెట్టడానికి చాచా దగ్గర లాప్‌టాప్‌కి తగిలించిన ఒక చిన్న పరికరం ఉంది, మేనల్లుడు చేసిచ్చాడట. ఒక పక్క ఎల్‌ఈడీ దీపం, ఇంకో పక్క వెలుగుని పట్టే సెన్సర్లు, మధ్యలో వెనక తలుపు తెరిచిన కెమెరా. ఫ్రేములో మొదలు, మధ్య, చివర, మూడు చోట్ల షట్టర్ ఎంతసేపు తెరుచుకుందో స్క్రీన్ మీద చూపిస్తుంది. వెయ్యి మీద పెట్టి కొడితే నా కెమెరాలో మొదట్లో 1/800, మధ్యలో 1/1300, చివర్లో 1/2600. అంటే ఫొటోకి ఒక చివర పడాల్సిన వెలుగులో సగం కూడా పడటం లేదు. ఒక సెకను పెడితే 1.4 సెకన్లు. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి, కింద సంతకం లాంటిది గీకి నాకిచ్చారు. నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది ఈ చీటీతోనే. ఎవరైనా "సర్వీసింగ్ చేశాను" అనొచ్చు, ముందు ఇంత, తర్వాత ఇంత అని అంకెలు చూపించేవాళ్లు తక్కువ.

ఎందుకలా అవుతుందంటే, ఇలాంటి కెమెరాల్లో షట్టర్ అంటే రబ్బరు పూసిన రెండు గుడ్డ తెరలు, ఒకదాని వెనక ఒకటి అడ్డంగా పరిగెత్తుతాయి. వెయ్యో వంతు స్పీడులో ఫిలిమ్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు. 36 మిల్లీమీటర్ల ఫ్రేము మీదుగా రెండు మూడు మిల్లీమీటర్ల సందు మాత్రమే పరిగెడుతుంది. మొదటి తెర మురికి పట్టి నెమ్మదించిందా, వెనక తెర దాన్ని అందుకుంటుంది, సందు ఇరుకవుతూ పోతుంది, ఆ చివర ఫొటో నల్లబడుతుంది. ఇంకా ముదిరితే పూర్తిగా మూసుకుపోయి సగం ఫ్రేము ఖాళీ.

దీనికి దొంగదారి ఒకటుంది, తెర స్ప్రింగుని ఇంకాస్త బిగించడం. నిమిషాల్లో పని, అంకెలు కూడా బాగానే వస్తాయి. చాచాని అడిగాను అలా చేయొచ్చు కదా అని. "గుడ్డ మీద పడ్తది సార్ బరువు. మైల అట్లనే ఉంటది" అన్నారు. ఆయన అడుగు భాగం విప్పి, తెరల రోలర్ల ఇరుసుల దగ్గర గట్టిపడ్డదంతా కడిగి, కొత్తగా చుక్క చుక్క నూనె పెట్టి, మళ్లీ కొలిచారు. స్ప్రింగు ముట్టకుండానే సగం తేడా పోయింది. మిగతాదానికి మాత్రం కొంచెం తిప్పారు. చివరి అంకెలు: 1/870, 1/900, 1/930. ఒక సెకను 1.05కి వచ్చింది. వెయ్యి మీద వెయ్యి రాలేదేం అని అడక్కండి, కొత్తదాంట్లోనే గీసినట్టు రాదు, నెగెటివ్ ఫిలిమ్‌కి ఆ తేడా లెక్కే కాదు. మూడు అంకెలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ముఖ్యం.

కే1000తో ఉన్న 50 ఎంఎం లెన్సు ఫోకస్ రింగు తిప్పాలంటే మణికట్టు నొప్పి పుట్టేది. లోపల గ్రీజు ఎండిన బెల్లం పాకంలా అయిపోయింది. ఈ పని నేను పూర్తిగా చూశాను, చూసినవాటిలో నాకు అన్నిటికంటే ఊపిరి బిగబట్టించింది ఇదే. ఫోకస్ మరలో గాడి ఒక్కటే కాదు, పక్కపక్కనే చాలా గాళ్లుంటాయి, అందుకే కొంచెం తిప్పితే లెన్సు అంత దూరం జరుగుతుంది. విప్పేటప్పుడు ఏ గాడి దగ్గర రెండు ముక్కలూ విడిపోయాయో సరిగ్గా అదే గాడిలో మళ్లీ ఎక్కించాలి. పక్క గాడిలో ఎక్కినా సాఫీగానే తిరుగుతుంది, బాగుందనే అనుకుంటాం, కానీ దూరంగా ఉన్నదేదీ ఇక ఫోకస్ అవ్వదు. చాచా రింగుని మిల్లీమీటరు మిల్లీమీటరుగా తిప్పుతూ, రెండు ముక్కలూ విడిపోయే ఆ క్షణం దగ్గర ఆగి, సూదితో రెండింటి మీదా సన్నటి గీత గీశారు. అప్పుడుగానీ విడదీయలేదు. పాత గ్రీజు మొత్తం కడిగి, కొత్తది అగ్గిపుల్ల మొన మీద తీసుకుని పలచగా రాసి బిగించాక, ఫిలిమ్ ఉండే చోట గరుకు గాజు ముక్క పెట్టి, కిటికీలోంచి దూరంగా ఉన్న సెల్ టవర్‌ మీద సరిచూశారు. ఇప్పుడు రింగు రెండు వేళ్లతో తిరుగుతుంది, అలాగని జారిపోదు.

గ్రీజు ఎక్కువ రాస్తే ఇంకో ప్రమాదం. మన మే నెల ఎండలకి, అదీ రేకు బీరువాలో పెడితే, గ్రీజులోంచి నూనె విడిపోయి లెన్సు లోపల వెలుగు వచ్చే రంధ్రాన్ని పెద్దదీ చిన్నదీ చేసే అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. ఆ రేకులు క్లిక్ చేసిన క్షణంలో చటుక్కున ముడుచుకోవాలి, నూనె తగిలితే ఆలస్యమవుతాయి, ఫొటోలు తెల్లబడతాయి. లెన్సు కొనేటప్పుడు వెనక ఉన్న చిన్న మీటని వేలితో కదిపి చూడండి, రేకులు వెంటనే కదలకపోతే వదిలేయండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వెనక తలుపు గాళ్లలో వెలుగు చొరబడకుండా పెట్టే స్పాంజి పాత కెమెరాల్లో చాలావాటిలో నల్ల జిగురైపోయి ఉంటుంది. దాన్ని గీకి తీసి గాళ్లలో నల్ల ఊలు దారం, అద్దం కొట్టుకునే చోట కొత్త స్పాంజి పెట్టారు. లోపలి అద్దాన్ని బట్టతో తుడవలేదు, దాని పూత గాజు పైనే ఉంటుంది కాబట్టి గీతలు పడతాయి, గాలి బల్బుతో ఊది వదిలేశారు. అక్కడో చిన్న మచ్చ అలాగే ఉంది, ఫొటోలో రాదు, నాకు పట్టింపు లేదు.

యాషికా పై లెన్సులో ఫంగస్ ఉంది. తీశారు, కానీ అది గాజు పూతని తినేసిన చోట సన్నటి మచ్చలు మిగిలాయి, అవి పోవని ముందే చెప్పారు. పెదనాన్న దాన్ని తోలు కేసులోనే ఇన్నేళ్లూ ఉంచాడు. తోలు వానాకాలం తేమంతా పీల్చుకుని పట్టి ఉంచుతుంది. కేసు బయట, కెమెరా సిలికా జెల్ ఉన్న డబ్బాలో, డబ్బులుంటే తేమ 40-50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్‌లో. ఊరికే దాచుకోవడం కాకుండా అప్పుడప్పుడు తీసి అన్ని స్పీడుల మీదా ఖాళీగా కొట్టమన్నారు. షట్టర్ ఎక్కించి, అంటే స్ప్రింగు బిగించి ఉంచి, మాత్రం దాచొద్దు.

లైట్ మీటర్ల దగ్గరే నాకు అసంతృప్తి. యాషికాకి అప్పట్లో 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ, ఇప్పుడవి దొరకవు. 1.5 వోల్టులది పెడితే ముల్లు వెలుగుని ఎక్కువ చేసి చూపిస్తుంది, దాన్ని నమ్మితే ఫొటోలు చీకటిగా వస్తాయి. దీనికి చాచా చెప్పిన పరిష్కారం చెవి మిషన్లలో వేసే జింక్ ఎయిర్ బ్యాటరీ, వోల్టేజి దగ్గరగా ఉంటుంది, చవక, కానీ స్టిక్కర్ పీకిన దగ్గర్నుంచి దాని ఆయుష్షు తగ్గుతూ పోతుంది. అది సరే. కే1000 మీటర్ మాత్రం ఇప్పటికీ దాదాపు ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపో సగమో అయినంత, తప్పు చూపిస్తోంది. "సెల్ ముసలిదైంది" అని తేల్చేశారు, బ్యాటరీ కాదు, మీటర్లో వెలుగుని పట్టే సెల్. సర్దుబాటు చేయడానికి ఇంకాస్త ప్రయత్నించి ఉండొచ్చనిపించింది. మీటర్ల పని ఆయనకి ఇష్టం లేదు, ఆ అయిష్టం పనిలో కనబడుతుంది. నేను ఫోన్‌లో మీటర్ యాప్ వాడుతున్నాను, ఎండలో అయితే లెన్సు అపర్చర్ ఎఫ్16 పెట్టి, ఫిలిమ్ డబ్బా మీద 200 అని ఉంటే స్పీడు దానికి దగ్గరి 1/250 పెట్టేస్తే ఏ మీటరూ అక్కర్లేదు.

ఇక అసలు తలనొప్పి, టైము. చెప్పిన గడువు దాటింది, మామూలుగా దాటలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే "శనివారం" అంటారు, ఏ శనివారమో చెప్పరు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే నీలం టిక్కులు వస్తాయి, జవాబు రాదు. పెదనాన్న వస్తువు కదా, పోయిందేమోనని నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ఆయన ఒక్కరే చేస్తారు, పని నేర్చుకునే కుర్రాళ్లు నిలబడటం లేదట, అదంతా అర్థమవుతుంది, అయినా ఆలస్యమవుతుందని ఒక ముక్క చెప్తే ఏం పోతుంది? బిల్లు ఇవ్వరు, వారంటీ కాగితం ఉండదు, తేడా వస్తే తీసుకురమ్మని నోటిమాట. యాషికా ముందు భాగంలో తొడిగిన తోలు తిరిగి అతికించినప్పుడు ఒక మూల లేచింది. చూపిస్తే అక్కడికక్కడే జిగురు పెట్టి నొక్కారు, ఇప్పటికి బానే ఉంది.

డబ్బులు: యాషికాకి 4,500, పెంటాక్స్ బాడీకీ లెన్సుకీ కలిపి 3,800. బేరం ఆడితే ముఖం మాడ్చుకుంటారు, తగ్గించరు. ఎక్కువనిపించొచ్చు, పాత కెమెరా కొన్న ధరలో పెద్ద ముక్కే అది. కానీ ఒక రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి దాటుతున్న రోజుల్లో, సగం నల్లగా వచ్చే నాలుగు రీళ్ల ఖర్చు పెంటాక్స్‌కి ఇచ్చినంత. ఆరో నిజాం కొలువులో ఉంటూ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఊరు ఇది, అయినా ఇలాంటి పనికి ఇక్కడివాళ్లు బొంబాయికి కొరియర్ చేసుకుంటున్నారు. ఆ కొరియర్ ఛార్జీలు, దార్లో ఏమవుతుందోనన్న భయం కూడా లెక్కలో వేసుకోండి.

ఫలితం ఎలా చూశానంటే, ట్యాంక్‌బండ్ మీద నిలబడి ఖాళీ ఆకాశాన్ని ఒక్కో స్పీడులో ఒక్కో ఫ్రేము తీశాను. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె నన్ను జాలిగా చూసింది. సర్వీసింగ్ అయిన ఏ కెమెరాకైనా ఈ పరీక్ష పెట్టండి, రీలులో కొన్ని ఫ్రేములు పోతేపోయాయి. తెరలు సరిగా పరిగెడుతుంటే ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రంగులో ఉంటుంది, లేకపోతే ఒక పక్క ముదురు పట్టీ కనిపిస్తుంది. నా రీలులో వెయ్యో వంతు ఫ్రేము కూడా సమంగా వచ్చింది. యాషికాతో మొజంజాహీ మార్కెట్ రాతిగోడ తీశాను, 1/8 స్పీడులో, స్టాండు మీద పెట్టి, ఎఫ్16లో, సాయంత్రం. రాళ్ల అతుకులు లెక్కపెట్టుకోవచ్చు. ఎండాకాలం కూడా గడిచింది, రేకులు ఇప్పటికి అంటుకోలేదు.

మీరు వేరే ఎవరి దగ్గరికి వెళ్లినా సరే, ఇచ్చే ముందు రెండు విషయాలు అడగండి: స్పీడులు దేంతో కొలుస్తారు, నూనె ఎక్కడ పెడతారు. మొదటిదానికి "చెవితో" అని, రెండోదానికి "అంతటా" అని జవాబు వస్తే కెమెరా సంచిలో పెట్టుకుని వచ్చేయండి.

చాచా దగ్గరికి వెళ్లేవాళ్లకి: శుక్రవారం తెరవరు, మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం పన్నెండు దాటాకే వెళ్లండి. పార్కింగ్ అనే మాటే లేదు, మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లో దిగి నడవండి. మీటర్ చూపించాలంటే కొత్త బ్యాటరీ మీరే పట్టుకెళ్లండి, ఆయన దగ్గర ఉండవు. బెల్టు, కేసు, ఫిల్టర్లు ఇంట్లోనే ఉంచండి, వాటి బాధ్యత ఆయన తీసుకోరు. కెమెరా నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. యూపీఐ ఉంది.